సున్నం గీత మీద అమాస నీళ్లు

ఉద్యోగం చేసినన్నాళ్లలో నన్ను తెలివైనవాడని నలుగురూ మెచ్చుకున్నది ఒక్క పనికే. ఆ పని నేను తెలిసి చేయలేదు. ఆ మాట ఆ రోజే చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఇది చదివే చిన్నవాళ్లలో రేపు డ్రిల్లు మాస్టర్లు కాబోయేవాళ్లుంటే, వాళ్లయినా నమ్ముతారేమోనని రాస్తున్నాను.

సూరత్‌లో తెలుగు బడి ఉందంటే మన ఊళ్లలో ఇప్పటికీ కొందరు ఆశ్చర్యపోతారు. ఉధ్నా స్టేషనుకు అవతల, మరమగ్గాల కార్ఖానాల నడుమ మా బడి ఉండేది. సిరిసిల్ల, వరంగల్ వైపు నుంచి నేతపనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు అందులో చదివేవాళ్లు. నేను డ్రిల్లు మాస్టరును. బడికి ఆటస్థలం లేదు. సిమెంటు వాకిట్లో ప్రార్థనకు నిలబెడితే ఆఖరి వరస మెట్ల మీద నిలబడేది. కబడ్డీలో గీత తాకడమంటే గోడకు గుద్దుకోవడమే. గోడల అవతల మగ్గాల చప్పుడు ఆగేది కాదు కాబట్టి నా ఈల వినపడాలంటే బుగ్గలు నొప్పిపుట్టేలా ఊదాలి.

మగ్గాల ఊళ్లో కాలాన్ని గడియారంతో కాక పాళీలతో చూస్తారు. పగటి పాళి, రాత్రి పాళి, అంటే షిఫ్టులు. అద్దె గదులు కూడా పాళీల మీదే నడుస్తాయి. పగటివాళ్లు లేచిన చాప మీద రాత్రివాళ్లు పడుకుంటారు. చాప చల్లబడదు. మావాళ్లు ఎదురుపడితే "బాగున్నవా" అని అడిగే ముందే "నీ పాళి ఏంది" అని అడిగేవాళ్లు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నేను ఏ సంగతీ వరసగా తప్ప చెప్పలేను. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు. ఆకాశం ఎట్లా ఉంది, ఎవరు పరిగెత్తారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. మా ఆవిడ దాన్ని హాజరుపట్టీ అనేది. "మీరు పోయినంక కూడా పైన ఎవరొచ్చిన్రు, ఎవరు రాలే అని రాసుకుంటరు" అని ఎగతాళి చేసేది.

ఆ డైరీల్లో ఎక్కువసార్లు కనిపించేది ఒక అమ్మాయి. మా బడిలోనే పది చదివి, బాబిన్లు చుట్టే మిషను మీద పనికి కుదిరింది. చదువు ఆగినా పరుగు ఆగలేదు. దూరం పరుగులో ఆ పిల్లకు వచ్చే ఊపిరి నేను మరెవరిలోనూ చూడలేదు. జిల్లాలో గెలిచింది. చలికాలంలో రాష్ట్రస్థాయి క్రాస్ కంట్రీ ఉంది. పనికి వెళ్లేలోగా పొద్దున్నే ఎక్కడో ఒకచోట పరిగెత్తాలి. ఉధ్నా రోడ్ల మీద లారీలు, కుక్కలు, అంతకంటే టీ బండ్ల దగ్గర నిలబడే మగవాళ్ల నోళ్లు. వాళ్లమ్మ వద్దనేసింది.

చివరికి దొరికిన చోటు వడోద్ దాటాక ఉంది. కార్ఖానాలు అయిపోయాక తుమ్మచెట్లు, ఆ తర్వాత ఒక మట్టికట్ట, కట్ట దిగితే కనుచూపుమేర గరుకు గడ్డి మొలిచిన నేల. దాని చివర ఖాడీ. సముద్రం నుంచి నేలలోకి పాకి వచ్చే పాయను ఇక్కడ ఖాడీ అంటారు. మాకు మాత్రం అది మురుగుకాలువకు పెద్దన్నలా కనిపించేది. రోడ్డు వైపు ఎత్తుగా ఉన్న చోట తంగేడు పొదలు, వానలు పోయాక గునుగు. మా ఆడవాళ్లు ఏటా బతుకమ్మ పూలకు అక్కడికే పోయేవాళ్లు. అందుకే వాళ్లమ్మకు ఆ చోటు తెలుసు, నమ్మకం కూడా.

ఇంకో నమ్మకం, ఖాడీ ఒడ్డు పల్లెలో ఉండే ఒక పెద్దావిడ. అందరూ మాసీ అనేవాళ్లు, అంటే పిన్ని. బురదలో బొరియలు చేసుకుని బతికే లెవ్టా అనే చేపను ఉత్త చేతులతో పట్టేది. మోచేతి దాకా బురద, నోట్లో పొగాకు, నడుముకు బుట్ట. పొద్దున ఆమె అక్కడ ఉంటుంది కాబట్టి ఆడపిల్ల పరిగెత్తవచ్చు. ఒకసారి ఎవడో బండి మీద వచ్చి ఈల వేస్తే మాసీ విసిరిన బురదముద్ద వాడి మొహాన పడింది. తర్వాత ఎవరూ రాలేదు. ఆ పిల్ల వెనక ఇంకో పది మంది పరిగెత్తడం మొదలుపెట్టారు. కొందరు రాత్రి పాళి దిగి నేరుగా వచ్చేవాళ్లు, జుట్టులో దూదిపింజలతో.

వేసవిలో ఆ నేల తెల్లగా బీటలు వారేది. మా జిల్లాలో నేల తెల్లబడితే సౌడు అంటాం. "సౌడు నేల సార్, ఏం పండది" అనుకునేవాళ్లం. అది ఏమిటో నాలుక మీద వేసుకుని చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. వానాకాలంలో అప్పుడప్పుడు నేలంతా తడిసి ఉంటే వాన పడిందనుకునేవాళ్లం.

ఒక ఏడు వానలు మొదలయ్యాక పల్లె పంచాయతీ గోడకు నోటీసు అంటించారు. ఫోనులో ఫొటో తీసి బడికి తెచ్చాను. మా బడిలో గుజరాతీ చెప్పే మాస్టరు ఉండేవాడు, అసలు సిసలు సూరత్ మనిషి. తిండీ తిట్టూ రెండిటినీ ఒకే రుచితో ఆస్వాదించేవాడు. తెలుగు మా పిల్లల దగ్గర నేర్చాడు కాబట్టి అది తెలంగాణ తెలుగు, మధ్యలో హిందీ. ఖమణ్ తింటూ నోటీసు చదివాడు.

"నీ జమీన్‌కి పేరు పెట్టిన్రు మాస్తర్. ఖరాబో."

"ఏం ఖరాబైంది?"

"ఏం గాలే. పంట రాని సర్కారీ జమీన్‌ని దఫ్తర్‌లో గట్లనే అంటరు. ఖరాబో అంటే ఎవరికన్నా ఇచ్చెయ్యొచ్చు. లారీలు ఆగే యార్డు కడ్తరంట. మట్టి పోసి ఎత్తు చేసి, మీద కాంక్రీట్. వద్దనేటోళ్లు రాసియ్యాలె."

పరుగుల పిల్లకు చెప్పాను. ఆమె అంది, "మరకపడ్డ తాకాను ఖరాబంటరు సార్. దాన్నన్న సగం ధరకు అమ్ముతరు గని, మట్టి పోసి పూడ్చరు గద." తాకా అంటే మగ్గం మీద నుంచి దిగిన బట్టచుట్ట. ఆ చోటు పోతే తన పరుగు పోతుందని ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దుటి ఖాళీ కూడా బాబిన్ల కిందికి పోతుంది. రెండేళ్లకు పెళ్లి. ఆమె తోటివాళ్లందరికీ అదే జరిగింది.

నేనూ గుజరాతీ మాస్టరూ కూర్చుని అర్జీ తయారుచేశాం. నేను తెలుగులో చెప్పడం, ఆయన గుజరాతీలో రాయడం. అది ఖరాబో కాదు, మా పిల్లల మైదాన్ అన్నది సారాంశం. ఆ మాట నాకు గొప్పగా తోచింది. ఆయన కలం ఆపి నవ్వాడు.

"మైదాన్‌కి పోవుడంటే హిందీల ఏమో ఎరుకనా? పొద్దుగాల చెంబు పట్టుకొని పోవుడు. సాహెబ్ నవ్వుతడు."

"నవ్వితే నవ్వనీ. రాయి."

అర్జీ అందుకున్న భూముల ఆఫీసు సాహెబ్ నవ్వలేదు. పిలిపించి మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. "మైదానం కావాలి, అంతేగా? యార్డులో ఒక మూల చదును చేసి ట్రాక్ వేయిస్తాం. రాసిస్తాను" అన్నాడు. నేను గాలిలో తేలుతూ బయటికి వచ్చాను. ఇన్నేళ్లు గోడకు గుద్దుకునే పిల్లలతో వేగినవాడికి ట్రాక్ అన్న మాట ఎట్లా వినిపిస్తుందో ఆలోచించండి. ఆ సాయంత్రం మా వీధిలో జిలేబీ పంచాం.

మర్నాడు పొద్దున మాసీ కట్ట మీద నా కోసం నిలబడి ఉంది. ఆమె గుజరాతీని తెలుగు చేసి రాస్తున్నాను, కారం తగ్గితే తప్పు నాది.

"మైదాన్ అని రాసింది నువ్వేనా మాస్తర్?"

"నేనే మాసీ. పిల్లలకు ట్రాక్ ఇస్తారట."

"మైదాన్ అంటే ఏంటి? బోర్లించిన పెనం. దాని మీద నా లెవ్టా ఎక్కడ బతుకుతుంది? వేయించడానికి పనికొస్తుంది అంతే. సర్కారు ఖరాబో అంది, నువ్వు మైదాన్ అన్నావు. ఇద్దరూ కలిసి ఇక్కడ ఎవరూ లేరనేగా చెప్పారు?"

పక్కన కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్న పిల్ల తల ఎత్తకుండానే అంది, "నాకా మూల వద్దు సార్."

"ఏంది వద్దు? ట్రాక్ ఇస్తనంటున్నడు బిడ్డా. సెలక్షన్లు దగ్గరికొచ్చినయి."

"లారీల నడుమ ఉరకాల్నా? పొగల? మాసీ ఈడ ఉంటదనే మా అమ్మ నన్ను పంపుతది. ఆమెను ఎల్లగొట్టి నేను ఉరుకుడేంది సార్?" తాళ్లు కట్టడం అయిపోయింది, లేచి పరుగుకు పోయింది.

ఆ పిల్లకు తెలుగు తప్ప మిగతా భాషలన్నీ సగం సగమే. మాసీకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా పిల్ల వెనక చూసి, నా వైపు చూసి, పొగాకు ఉమ్మి, "దీనికి నీకంటే బుద్ధుంది" అంది. వీధిలో మాత్రం చివాట్లు నాకూ ఆమెకూ సమంగా పడ్డాయి. చేతికొచ్చిన దాన్ని కాదంటారా అని. జిలేబీ తిన్నవాళ్లే ఎక్కువ తిట్టారు.

నేనూ గుజరాతీ మాస్టరూ మళ్లీ ఆఫీసుకు వెళ్లాం, ఈసారి మాసీతో కలిసి. సాహెబ్ తికమకపడ్డాడు.

"ట్రాక్ వద్దు. యార్డు వద్దు. మరేం కావాలి మీకు?"

"ఒకసారి వచ్చి చూడండి సాహెబ్" అన్నాను. అందరూ ఉండే రోజు చెబితే వస్తానన్నాడు.

రోజు నిర్ణయించడం నా పని. మా పక్క కార్ఖానాలకు అమావాస్య సెలవు. అందులోనూ వచ్చేది పెత్రామాస, అంటే భాద్రపద అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ రోజు. ఆడవాళ్లంతా పూల కోసం ఎట్లాగూ అక్కడే ఉంటారు. క్యాలెండర్లో నల్లచుక్క మీద వేలు పెట్టి, ఇంతకంటే మంచి రోజు లేదనుకున్నాను. సాహెబ్ భోజనం చేసి వస్తానన్నాడు కాబట్టి పరుగు సాయంత్రం. మేం పరిగెత్తేది ఎప్పుడూ పొద్దున. సెలవు కాబట్టి అమావాస్య నాడు ఎవరూ వచ్చేవాళ్లు కాదు, నిద్రపోయేవాళ్లు. ఇవన్నీ కలిపి చూసే తెలివి ఉంటే నేను డ్రిల్లు మాస్టరుగానే ఎందుకు ఉంటాను?

మాసీకి రోజు చెప్పాను. ఆమె నన్ను చాలాసేపు చూసింది.

"పెద్ద అమాసా? సాయంత్రమా? పక్కానా?"

"పక్కా. ఏం, బాగలేదా?"

"బాగుంది. గట్టివాడివే మాస్తర్." నా క్రమశిక్షణను మెచ్చుకుందనుకున్నాను.

ఆ రోజు పొద్దున్నించి నేలంతా మాదే. రెండు బస్తాల సున్నంతో గీతలు గీయించాను. మొదలు గీత, చివర గీత, మలుపు దగ్గర బాణం గుర్తులు. అంత తిన్నని గీతలు నా సర్వీసులో ఎప్పుడూ గీయలేదు. సాహెబ్‌కు గుడ్డ పందిరి, కింద ప్లాస్టిక్ కుర్చీలు. గుజరాతీ మాస్టరు ఫలహారాల డబ్బాలు మోయించుకుని వచ్చాడు. ఆయన పుట్టి పెరిగింది పాత ఊరి సందుల్లో, నీళ్లంటే కుళాయి అని తెలిసిన మనిషి. మాసీ, పల్లె ఆడవాళ్లు మాత్రం కట్ట మీదే కూర్చున్నారు. కుర్చీలు చూపించి దిగి రమ్మన్నాను.

"ఇక్కడే బాగుంది" అని ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

సాహెబ్ ఇద్దరు గుమాస్తాలతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఈల ఊదాను. పిల్లలు కదిలారు. దూరంగా ఎండిన తుమ్మమోడును చుట్టి తిరిగి రావాలి. వాళ్లు మోడును చేరేసరికి నాకు మలుపు దగ్గరి బాణం గుర్తు కనపడలేదు. సున్నం కల్తీదేమో, దుకాణంవాణ్ని అడగాలి అనుకున్నాను. చూస్తుండగానే దాని ఇవతలి గుర్తూ పోయింది. తర్వాత నేల మెరిసింది.

నీళ్లు అలల్లా రాలేదు, చప్పుడు చేయలేదు. కాలవల్లోంచి పాకి, బొరియల్లోంచి ఊరి, గడ్డి మొదళ్ల మధ్యకు జారుకుంటూ వచ్చాయి. సున్నం గీతను తాకగానే గీత పాలలా విరిగి కరిగిపోయింది. సాహెబ్ మొదట ఒక కాలెత్తాడు, తర్వాత రెండోది. తర్వాత కుర్చీ కాళ్లు నేలలో దిగబడ్డాయి. గుజరాతీ మాస్టరు డబ్బాలు నెత్తిన పెట్టుకుని, సూరత్ భాషలో ఉన్న తిట్లన్నీ సముద్రాన్ని తిడుతూ కట్టకేసి ఉరికాడు. ఆయన పరిగెత్తగా చూసింది అదొక్కసారే. మంచి టైమింగే.

పిల్లలు చీలమండల లోతు నీళ్లలో ఎగజిమ్ముకుంటూ తిరిగి వస్తున్నారు. అందరికంటే ముందు మా పిల్ల. నవ్వుతోంది. నా దగ్గరికి వచ్చి ఆగి ఇటూ అటూ చూసింది.

"గీత ఏది సార్?"

"ఉండె" అన్నాను. సాహెబ్ చేత అందరి ముందూ బూట్లు విప్పించాను. ఇక ఈ పిల్లకు నేలా లేదు, ట్రాకూ లేదు అనుకున్నాను.

సాహెబ్ ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని కట్టెక్కాడు. నీళ్ల వైపు చూస్తూ మాసీని అడిగాడు, "ఇట్లా రోజూ వస్తుందా?"

"రోజూ కాదు. పెద్ద అమాసకు, పెద్ద పున్నానికి. వస్తుంది, లెవ్టాలకు తిండి పెడుతుంది, పోతుంది."

"కాగితంలో పొడినేల అని ఉంది."

"కాగితం కాళ్లు తడవలేదు కదా సాహెబ్. నీవి తడిశాయి."

ఆయన నవ్వాడు. గుమాస్తాతో ఫొటోలు తీయించాడు. నా పందిరి గుంజలు నడుం దాకా మునిగిన ఫొటో కూడా. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు చాలా తెలివైనవారు మాస్తర్. నెలల తరబడి కాగితాల మీద వాదించాల్సింది ఒక్క సాయంత్రంలో చూపించారు. నన్ను నీళ్లలో కూర్చోబెట్టి మరీ."

"సాహెబ్, నాకు తెలియదు. నిజంగా తెలియదు. మాది సముద్రం లేని జిల్లా" అన్నాను. ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. మాసీ వైపు తిరిగి, "నీకన్నా తెలుసు కదా, నాకెందుకు చెప్పలేదు" అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. "నువ్వు కావాలనే పెట్టావనుకున్నా. సముద్రం పక్క ఇన్నేళ్లు ఉండి అమాస నీళ్లు ఎరగనివాడు ఉంటాడా?"

ఉంటాడు. ఒక వీధి వీధంతా ఉంటుంది.

మా ఆడవాళ్లు ఇవేవీ పట్టించుకోలేదు. వాళ్లకు కావలసిన చెరువు కాళ్ల దగ్గరికే వచ్చింది. కట్ట మీద చప్పట్లు కొడుతూ ఆడి, పొద్దు వాలుతుండగా చిన్న చిన్న బతుకమ్మలను నీళ్లలో వదిలారు. మన చెరువుల్లో అయితే అవి మెల్లగా దూరం పోతాయి. ఇక్కడ నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి. కాస్త దూరం పోయిన తంగేడు పూల బతుకమ్మ నిలిచి, తిరిగి వచ్చి, పరుగుల పిల్ల వాళ్లమ్మ కాళ్లకు తగిలింది. ఆమె మళ్లీ తోసింది. మళ్లీ వచ్చింది.

"సూడుండ్రి సారూ," అంది, "పొమ్మన్నా పోనంటున్నది."

తర్వాతి సంగతులు పొడిగా చెబుతాను. వాదనలు, మీటింగులు చాలాకాలం నడిచాయి. చివరికి పోటు నీళ్లు వచ్చే నేల అని కాగితాల్లో రాశారు. దాన్ని పూడ్చలేదు. యార్డు రోడ్డు వైపు ఎత్తు ముక్కకు జరిగింది. అంటే తంగేడు పొదలు పోయాయి. మా ఆడవాళ్లు ఇప్పుడు పూల కోసం టెంపో మాట్లాడుకుని పల్సానా అవతలికి పోతారు. ట్రాక్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, నీళ్లు వచ్చే చోట ట్రాక్ ఎవరు వేస్తారు? మా పిల్ల ఆ చలికాలం రాష్ట్రానికి పరిగెత్తింది. పతకం రాలేదు. బురదకు అలవాటైన కాళ్లు గట్టినేల మీద మొదట్లోనే ఎగిరిపోయాయని, ఆఖర్న ఊపిరి మిగల్లేదని తనే చెప్పింది. మరుసటి ఏడు మళ్లీ వెళ్లింది. పెళ్లి మాట వాయిదా పడుతూ వచ్చింది.

గుజరాతీ మాస్టరు ఇప్పుడు లేడు. ఉన్నన్నాళ్లు ఎక్కడికి వెళ్లినా నన్ను "సముందర్‌ని టైముకి పిలిచిన మాస్తర్" అని పరిచయం చేసేవాడు. నేను కాదంటే, "చూడండి, ఎంత వినయమో" అనేవాడు. మాసీ చేతులకు ఇప్పుడు బురదలో దిగే బలం లేదు. కోడలు దిగుతుంది. నా డైరీలో మాత్రం ఆ ఏటి నుంచి ప్రతి పేజీ పైమూల తిథి రాస్తున్నాను. ఒకప్పుడు క్యాలెండర్లో నల్లచుక్క సెలవు. ఇప్పుడు అది నీళ్లు.

మొన్న పెత్రామాసకు చేతికర్ర పట్టుకుని అక్కడికి వెళ్లాను. మా పరుగుల పిల్ల ఇప్పుడు పాండేసరాలో ఒక బడికి డ్రిల్లు టీచరు. పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. నేలంతా నీళ్లు. పిల్లలు బూట్లు విప్పుకుని కట్ట మీద అటూ ఇటూ తచ్చాడుతున్నారు, తెలుగూ హిందీ గుజరాతీ కలగలిపి గోల చేస్తున్నారు. ఒక పిల్ల నిలబడలేక అడిగింది, "టీచర్, కబ్ ఉరుకుదాం?"

"జర కూసో," అంది మా పిల్ల. "ఇంక నీళ్ల పాళి దిగలే."

ఆ పిల్ల కూర్చుంది. ఒకరి వెనక ఒకరు అందరూ కూర్చున్నారు. పాళి అంటే ఏమిటో వాళ్లకెవరూ చెప్పక్కర్లేదు, పగటివాళ్లు లేచేదాకా చాప కోసం గోడకానుకుని ఎదురుచూసే నాన్నలను చూసిన పిల్లలు. నేనూ వాళ్ల పక్కనే కూర్చున్నాను. పాత ఈల జేబులోనే ఉంది. చేతికి తగిలింది గానీ తీయలేదు.

నీళ్లు నెమ్మదిగా వెనక్కి తిరుగుతున్నాయి.